ముప్పై రెండు శాతం

ముప్పై రెండు. ఇంకా ముప్పై రెండే. నల్లటి తెర నడిమధ్యన తెల్లటి చుక్కలు ఒకదాని వెనక ఒకటి గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతున్నాయి, వాటి కింద 'అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి కంప్యూటరును ఆపకండి' అని ఎంతో మర్యాదగా రాసి ఉంది, ఆ మర్యాద కూడా మాదేనే తల్లీ అనుకుంది బుజ్జి, ఆ 'దయచేసి' ఉండాలా అక్కర్లేదా అని ఆఫీసులో ఒక పూటంతా వాదించుకున్నారు, ఉండాల్సిందేనని పట్టుబట్టింది తనే. ఉంటే జనం కోపం కాస్త తగ్గుతుందంది. తగ్గుతుందా? పక్క బల్ల దగ్గర పిన్ని గులాబీరంగు మైనాన్ని చిన్న చాకుతో గీస్తోంది, ఆ గీయడంలో కోపం ఉందో లేదో వీపు చూసి చెప్పడం కష్టం. గోడవార కుర్చీలో మాస్టారు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, ఒళ్ళో నల్లటి పెట్టె, పెట్టెలో క్లారినెట్టు. ఆయన చూపు తెరమీద లేదు, కట్టుడుపళ్ళు చెక్కే మెషిను మీద ఉంది. మెషిను ఆగిపోయింది. దాని గాజు తలుపు వెనక తెల్లటి బిళ్ళలోంచి ఆయన పళ్ళు సగమే బయటికొచ్చాయి, ముందు పళ్ళు నాలుగూ వచ్చాయి, మిగతావింకా బిళ్ళలోనే ఉన్నాయి, వాటి మీద సూది గాల్లో నిలబడిపోయింది. నడుస్తున్న పని నడుస్తుండగానే కంప్యూటరు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, ఇదిగో, ఈ చుక్కల ప్రదక్షిణాలు మొదలుపెట్టింది.

భయపడాల్సిన పనేం లేదు. ఈ అప్‌డేట్ సంగతి ఈ గదిలోనే కాదు, ఈ ఊరు మొత్తంలో బుజ్జికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు, అందులో గొప్పేం లేదు, అది తన ఉద్యోగం. ముప్పై రెండు దగ్గర ఆగిందంటే ఆగినట్టు కాదు. ఆ అంకె అబద్ధం, మరీ పచ్చి అబద్ధమూ కాదు, ఏడుస్తున్న పసిపిల్లకి 'వచ్చేస్తోందమ్మా, మీ అమ్మ వచ్చేస్తోంది' అని చెబుతామే, అలాంటిది. లోపల పాతవి లేస్తున్నాయి, కొత్తవి వచ్చి వాటి చోట కూర్చుంటున్నాయి, ఎవరు ఎప్పుడు లేస్తారో కంప్యూటరుకే తెలీదు, తెలీదని నిజం చెబితే జనం బెంబేలెత్తి ప్లగ్గు పీకేస్తారని అంకె పెట్టారు. అంకె కదలకపోతే ఇంకా తొందరగా పీకుతారన్న సంగతి పెట్టినాక తెలిసింది. కదులుతుంది, కదలక ఛస్తుందా! నలభై దాటిందంటే ఇక పరుగే. "బెంగపడకండి మాస్టారూ, అయిపోతుంది" అంది పైకి. మాస్టారు రుమాలు తీయకుండానే తలూపారు.

"ముప్పై రెండు వచ్చాయిగదే, నోటికి సరిపడా! ఇంకా చాలదేమిటే దానికి?" అంది పిన్ని వెనక్కి తిరక్కుండానే.

మాస్టారు రుమాలు వెనక కిసుక్కుమన్నారు, నవ్వొచ్చినందుకు సిగ్గుపడి మళ్ళీ మెషిను వైపు చూశారు. బుజ్జి కూడా నవ్వింది. పిన్ని జోకేసిందంటే పరిస్థితి చేయి దాటలేదన్నమాట, లేదూ, బాగా దాటిందన్నమాట, చిన్నప్పట్నించీ ఈ రెంటికీ తేడా కనిపెట్టడం బుజ్జి వల్ల కాలేదు. మాస్టారి సంగతి పొద్దున్నే చెప్పింది పిన్ని. ఆయన వాద్యబృందంలో నలభై ఏళ్ళుగా మూడో వరసలో కూర్చుని వాయిస్తున్నారు, పాట మధ్యలో ఎక్కడో వెనకనుంచి సన్నగా వినబడిపోయే క్లారినెట్టు ఆయనదే, విన్నవాళ్ళు విన్నామని కూడా అనుకోరు. ఇవాళ సాయంత్రం కచేరీతో ఆయన బృందంలోంచి విరమించుకుంటున్నారు, అందుకని బృందం నాయకుడు ఆఖరి పాట ఆయనకిచ్చాడు, మొదటిసారి, అదే చివరిసారి కూడా, లేచి ముందుకొచ్చి నిలబడి ఆయనొక్కరే వాయించాలి. నిన్న రిహార్సల్లో ఎత్తు స్వరం దగ్గర గట్టిగా బిగించేసరికి పై పళ్ళ సెట్టు టప్పుమని రెండు ముక్కలైంది. క్లారినెట్టు వాయించేవాళ్ళకి పై ముందుపళ్ళు మౌత్‌పీసు మీద ఆనాలి, అవి లేకపోతే ఎంత విద్య ఉన్నా గాలి పక్కల్నించి బుస్సుమని పోతుంది. ఆయన పళ్ళు లేకుండానే ఓసారి ఊది చూశారట, ఆ చప్పుడు విని పక్కవాళ్ళు తలలు దించుకున్నారట. ఇప్పుడు పిన్ని మైనంతో కుస్తీ పడుతున్నది ఆ ముక్కలు రెంటినీ అతికించడానికే, 'ఏ గతీ లేకపోతే ఇదే గతి' అంటోంది, కానీ అతుకు మాటలకి ఓర్చుకుంటుంది గానీ ఆ స్వరానికి ఓర్చుకోదని ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు. అంతమంది ముందూ ఊడిపడితే ఆ మనిషి ఇక జన్మలో ఆ పెట్టె తెరవరు.

జేబులో ఫోను బుర్రుమంది. చూడకుండానే తెలుసు, మేనేజరు. ఆఫీసులో బుజ్జిని బుజ్జి అని ఎవరూ పిలవరు, గేటు అంటారు, చాటున కాదు, మొహం మీదే. ఏ అప్‌డేట్ అయినా, ఎన్ని వందలమంది కూర్చుని రాసినా, చివరికి గేటు దాటితేనే జనంలోకి వెళ్తుంది, 'సరే' అనే ఆ ఒక్క మాట తనది. ఆ పేరంటే పైకి విసుక్కుంటుంది గానీ లోలోపల ముచ్చటే, కాదంటే కళ్ళు పోతాయి. 'గేటు తెరుచుకుందా? ఆఫీసు మూసేలోగా చెప్పు.' అడుగుతున్నది మరి దేని గురించో కాదు, ఈ అప్‌డేట్ గురించే, ఎదురుగా చుక్కలు తిప్పుతున్న దీని గురించే. పోయిన నెల దీన్ని ఇష్టపడి తీసుకునేవాళ్ళకి మాత్రమే వదిలారు, 'ఇప్పుడే', 'తర్వాత' అని రెండు మీటలిచ్చి. ఇక ఆ 'తర్వాత' తీసేద్దాం, అందరికీ ఒకేసారి పంపేద్దాం అంటున్నాడు మేనేజరు. పరీక్షలన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్క ఎర్ర గీత లేదు. ఫిర్యాదుల దగ్గర రెండే మాటలు, 'దాదాపు లేవు'. పొద్దున పళ్ళు తోముకుంటూ అది చదివి, బ్రష్షు నోట్లో ఉండగానే 'సరే' అని టైపు చేసింది బుజ్జి. పంపేలోపల పిన్ని కాఫీకి కేకేసింది. ఆ 'సరే' ఇంకా ఫోనులోనే ఉంది, వేలు ఆనించడమే తరువాయి.

దాదాపు లేవు. అరల మీదనుంచి ప్లాస్టరు దవడలు వరసాగ్గా నవ్వుతున్నాయి, చిన్నప్పుడు సెలవులకి వస్తే ఇవే తన బొమ్మలు, ఒక్కో దవడకి ఒక పేరు పెట్టి, పెళ్ళిళ్ళు చేసి, విడాకులిప్పించి, సాయంత్రానికి చేతులూ గౌనూ అంతా తెల్లపొడి. పిన్ని పళ్ళ డాక్టరు కాదు, డాక్టర్లు కొలతలు తీసి పంపితే పళ్ళు తయారుచేసే మనిషి, ఎవరైనా డాక్టరమ్మా అంటే 'డాక్టర్ని కాదండీ' అని ప్రతిసారీ సరిదిద్దుతుంది, వాళ్ళు ప్రతిసారీ 'సరే డాక్టరమ్మా' అంటారు. మిగతా చోట్ల అయితే పళ్ళు డబ్బాలో పెట్టి పంపేస్తారు, అమరితే అమిరాయి, లేకపోతే తిరిగొస్తాయి. పిన్ని పంపదు. ఎవరి పళ్ళో వాళ్ళే రావాలి, ఆ కుర్చీలో కూర్చోవాలి, పెట్టుకోవాలి, పెట్టుకుని ఊరికే ఇకిలిస్తే కుదరదు, రోజూ చేసే పనేదో అక్కడే చేసి చూపించాలి. బస్సు కండక్టరు వచ్చి ఆ చివర్నించి ఈ చివరిదాకా స్టాపులన్నీ కేకలు పెట్టి పిలిచాడు, పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. బళ్ళో పంతులమ్మ హాజరు వేసింది, దవడలన్నీ ఆవిడ పిల్లలే. ఒక ముసలావిడ 'నాకేం పనుందమ్మా, మా ఆయన్ని తిట్టడం తప్ప' అంటే, 'అయితే తిట్టండి, వింటాను' అంది పిన్ని, ఆవిడ మొగుడు పక్కనే కూర్చుని మురిసిపోతూ 'అదీ! ఇప్పుడు సరిగ్గా తగుల్తోంది' అన్నాడు. బుజ్జికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది, పిన్ని మాత్రం నవ్వలేదు, చెవి ఒగ్గి వింటూ, ఎడమవైపు ఎక్కడో ఈల వస్తోందని తీసి, ఆకురాయితో రాసి, మళ్ళీ పెట్టి, 'ఇంకోసారి తిట్టండి' అంది.

ముప్పై మూడు. చూశారా! అంది ఎవరితోనో, మనసులోనే.

ఆఫీసులో కూడా ఒకప్పుడు అలాంటి గది ఉండేది. బుజ్జి చేరిన కొత్తలో అప్‌డేట్ అంటే ఏళ్ళకోసారి వచ్చే సంబరం, ఏడాది ముందునుంచీ తయారీ, పెద్ద హాల్లో మనుషులు కూర్చుని విరగ్గొట్టడానికే జీతం తీసుకునేవాళ్ళు, వాళ్ళలో ఒకాయన్ని మొండిఘటం అనేవాళ్ళు, తెరమీద వద్దన్నదే చేసేవాడు, ఆపకండి అంటే ఆపేవాడు, తీగ ఊడబీకేవాడు, ఒక చేత్తో ఫోను మాట్లాడుతూ రెండో చేత్తో తప్పుడు మీటలు నొక్కేవాడు, 'జనం ఇలాగే వాడతారమ్మా, నీలాగా కుదురుగా కూర్చుని వాడరు' అనేవాడు. తర్వాత ఏళ్ళు నెలలయ్యాయి, నెలలు వారాలయ్యాయి, వారంలో ఆ హాలంతా తిరిగి చూడటానికి మనుషులకి తీరిక చాలదు, మెషిన్లే మెషిన్లని పరీక్షించడం మొదలుపెట్టాయి, రాత్రికి రాత్రి లక్ష పరీక్షలు, తెల్లారేసరికి పచ్చటి గళ్ళు. మొండిఘటాన్ని వేరే విభాగానికి పంపారు. హాల్లో ఇప్పుడు అరల నిండా కంప్యూటర్లే, కుర్చీ ఒక్కటి లేదు. ఆ అరల్లో దేనికైనా పళ్ళు చెక్కే మెషిను తగిలించి ఉందా? లేదు. ఎందుకుంటుంది, ఎవరికి తట్టింది? వారం వారం కొత్తది వదులుతున్నామన్న గర్వంలో, అసలు పోయిన నెలది ఎవరి ఇంట్లో ఏం చేస్తోందో వెళ్ళి చూసిన పాపాన పోలేదు. ఇవన్నీ ఈ చుక్కల ముందు కూర్చుంటే తడుతున్నాయి. రెండోవైపున కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆఫీసులో కంప్యూటరు అప్‌డేట్ అవుతుంటే లేచి టీకి వెళ్ళేది.

మరి దీన్ని మొదలుపెట్టిందెవరు? ఈ ఆలోచన ఇంతసేపూ ఎందుకు రాలేదో. పిన్ని పుట్టి బుద్ధెరిగి 'ఇప్పుడే' నొక్కిన మనిషి కాదు. ఎప్పుడు అప్‌డేట్ వచ్చినా 'తర్వాత', మళ్ళీ అడిగితే 'తర్వాత', 'అది అడుగుతూనే ఉంటుంది, నేను తర్వాత అంటూనే ఉంటాను, మా ఇద్దరికీ అలా సాగిపోతోంది' అని ఫోనులో చెప్పి నవ్వేది. అంటే ఇది తనంతట తనే మొదలైంది. ఎవరో 'తర్వాత' మీట సరిగ్గా కట్టలేదు, అది నొక్కినా ఆగట్లేదు, ఇంకా నేను సరే అనకముందే బలవంతం మొదలైపోయింది, ఎవరి పని ఇది, రేపు వెళ్ళగానే ఒక్కొక్కడి తాట తీస్తాను. ఒళ్ళు మండింది బుజ్జికి. ఆ మంటలో కాస్త హాయి కూడా ఉంది, తప్పు ఎక్కడుందో దొరికినప్పుడు ఉండే హాయి.

"పిన్నీ, ఇది దానంతట అదే మొదలైందా? నువ్వు 'తర్వాత' నొక్కావు కదా?"

చాకు ఆగింది. "లేదే. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు అడిగింది. 'ఇప్పుడే' అన్నాను."

"నువ్వా! ఎప్పుడూ తర్వాతే అనేదానివి కదా?"

"ఎప్పుడూ అంటే, అవెవరివో ఏమో. ఇది నీదన్నావుగా."

అన్నది. మొన్న ఫోనులో అన్నది. ఈసారి వచ్చేది గేటు దాటించింది నేనే పిన్నీ, చూసుకో, అంది, ఏదో మాటవరసకి, గొప్పకి, పిన్ని 'అవునా, అవునా' అని రెండుసార్లు అంది, అప్పుడు ఆ గొంతు వినలేదు, ఇప్పుడు వినబడుతోంది. పిన్ని తను వచ్చేదాకా ఆగింది. తను ఇంట్లో ఉన్న రోజు చూసి, తనకి చెప్పకుండా, తర్వాత చూపించి మురిపిద్దామని నొక్కింది. ఎన్నేళ్ళ తర్వాతలు ఒక్క ఇప్పుడేగా మారిపోయాయి! ఇష్టపడి తీసుకున్నవాళ్ళు అని కాగితంలో రాసుకున్నారే, వాళ్ళలో ఒకరు ఈవిడ. నొక్కగానే అది చాటుగా సామాను తెచ్చుకుని పెట్టుకుంది, ఎవరూ లేని సమయం కోసం కాచుకుంది. కీబోర్డు కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఎవరూ పని చేయడం లేదని దాని లెక్క, ఆ లెక్క కూడా తమదే, పిన్నేమో మెషిను గాజు తలుపు దగ్గర వంగి సూది వైపు చూస్తూ నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుని. చూడటం పని కాదనుకుంది కంప్యూటరు. ఎంత పని జరుగుతోందో దానికేం తెలుసు, పోనీ, రాసిన మాకేం తెలుసు!

నలభై ఒకటి. యాభై. అనుకున్నట్టే పరుగు అందుకుంది, తెర ఒకసారి ఆరి వెలిగింది, డెబ్భై, తొంభై, మాస్టారు పెట్టె మీద చేయి బిగించారు, వంద. 'స్వాగతం. మీ కంప్యూటర్ ఇప్పుడు మరింత వేగంగా, మరింత భద్రంగా ఉంది.' నీ మొహంలా ఉంది, అంది బుజ్జి. పిన్ని చాకు వదిలేసి వచ్చి పళ్ళు చెక్కే ప్రోగ్రాము తెరిచింది, మాస్టారి దవడ బొమ్మ తెరమీద తిరిగింది, మొదలుపెట్టు అని నొక్కింది. మెషిను ఉలకలేదు పలకలేదు. తెరమీద చిన్న పెట్టె, 'పరికరం కనబడలేదు'. ఇంత లావు మెషినుంది, బీరువాలో సగముంది, కనబడలేదట. పిన్ని తీగ ఊడదీసి మళ్ళీ పెట్టింది. కనబడలేదు. మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన రుమాలు దించి, అతికిన ముక్కల వైపు చేయి చూపించారు, అదే ఇచ్చెయ్యమ్మా, ఏదో ఒకటి చేసుకుంటాను అన్నట్టు. పిన్ని ఆయన వైపు కాక బుజ్జి వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం వెతికింది బుజ్జి, ఉంటే తేలిగ్గా ఉండేది. లేదు. నీదేగా, నువ్వు చూసుకుంటావుగా, అన్న ధీమా ఉంది.

"జరుగు పిన్నీ" అంది బుజ్జి, కుర్చీ లాక్కుంది.

సంగతి క్షణంలో అర్థమైంది. కంప్యూటరుకీ మెషినుకీ మధ్య ఒక చిన్న ప్రోగ్రాము దుబాసీలా కూర్చుంటుంది, దీని మాట దానికీ దాని మాట దీనికీ చెబుతూ. పాతకాలపు దుబాసీ, కొత్త అప్‌డేట్ వచ్చి నీ కాగితాలు సరిగ్గా లేవు పొమ్మని గెంటేసింది. భద్రత కోసమే, మంచికే, మీటింగులో బుజ్జి కూడా తలూపిన సంగతే. ఇప్పుడు కొత్త దుబాసీని ఎవరు రాయాలి, మెషిను చేసినవాళ్ళు రాయాలి, ఎప్పుడు రాస్తారు, దేవుడికి తెలియాలి. మాస్టారి కచేరీ సాయంత్రం. దారి ఒక్కటే, వెనక్కి వెళ్ళడం. ఉంది ఆ దారి, నాలుగు తలుపుల వెనక దాచిపెట్టారు గానీ ఉంది, దాచమన్నవాళ్ళూ తనకి తెలుసు, ఎక్కడ దాచారో కూడా తెలుసు, వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. తెర అడిగింది, 'ఎందుకు వెనక్కి వెళ్తున్నారు? మీ అభిప్రాయం మాకు విలువైనది.' కింద గళ్ళు, కొత్తది నచ్చలేదు, నెమ్మదిగా ఉంది, వాడటం రావడం లేదు. మాస్టారు నలభై ఏళ్ళ తర్వాత మొదటిసారి లేచి నిలబడబోతున్నారు అన్న గడి లేదు. ఫిర్యాదులు దాదాపు లేకపోవడం అంటే ఇదన్నమాట. పిన్ని అయితే ఇక్కడిదాకా వచ్చేదే కాదు, తీగ పది సార్లు పీకి పెట్టి, తన ఖర్మ అనుకుని, అతుకు వేసిచ్చి పంపేది, ఎవరికి చెప్పాలో తెలీక గోడకి చెప్పుకునేది, కూతురి లాంటి అక్కకూతురు ఎక్కడ నొచ్చుకుంటుందోనని బుజ్జికి అసలే చెప్పేది కాదు. ఆ చెప్పనివాళ్ళందరూ కలిసి 'దాదాపు లేవు'. బుజ్జి ఏదో ఒక గడి నొక్కింది. తను దాటించినదాన్ని తన చేత్తోనే వెనక్కి పంపడం విచిత్రంగా ఉంది, బాధగా మాత్రం లేదు. మళ్ళీ చుక్కలు. ఈసారి వాటి వైపు చూడకుండా ఫోను తీసింది, పొద్దుటి 'సరే' అలాగే ఉంది, ఒక్కో అక్షరం చెరిపేసింది.

వెనక్కి రావడం వెళ్ళినంత ఆలస్యం కాలేదు. తెర వెలిగింది, పాత బొమ్మ, పాత గుర్తులు, పిన్ని మొదలుపెట్టు నొక్కగానే మెషిను ఒకసారి గొంతు సవరించుకుని గుర్రుమంది, సూది కిందికి దిగింది, ఆగినచోటు వెతుక్కుని తెల్లపొడి రేపుకుంటూ బయల్దేరింది. ఆ మోత చెవులకి ఎంత ఇంపుగా ఉందో! మాస్టారు గాజు తలుపు దగ్గరికి వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, పిన్ని కూడా, ఇద్దరూ ఒక్కలాగే. బుజ్జి కీబోర్డు మీదనుంచి చేయి తీయలేదు, ఎందుకైనా మంచిదని. కిటికీలోంచి వచ్చే ఎండ పై అర దవడల మీదనుంచి కింది అరకి దిగింది. పిన్ని సెట్టు బయటికి తీసి, దులిపి, రాసి, మెరుగు పెట్టి, ఆఖర్న ఆకురాయి మొన తీసుకుని ముందుపన్ను అంచున సన్నటి గాడి పెట్టింది. విరిగిన సెట్టుకి ఆ గాడి ఉంది, మౌత్‌పీసు ఏళ్ళ తరబడి ఆని ఆని అరిగిన చోటు, కంప్యూటరు బొమ్మ గీసినప్పుడు దాన్ని పన్నుకి పట్టిన లోపమనుకుని నున్నగా చేసేసింది, పిన్ని అది చూసుకుని గుర్తుపెట్టుకుంది.

మాస్టారు పెట్టుకున్నారు. బుగ్గలు నిండి మొహం పదేళ్ళు వెనక్కి వెళ్ళింది. "కూర్చోండి, వాయించండి" అంది పిన్ని, ఇక్కడ ఆ మాట కొత్తేం కాదు, ఆయన పెట్టె తెరిచి, ముక్కలు బిగించి, మౌత్‌పీసుకుండే సన్నటి రీడు బద్దను నాలుకతో తడిపారు. అప్పుడు మోగింది ఫోను, మెసేజీ కాదు, మేనేజరే.

"ఏంటి గేటూ, ఒక్క మాటేగా! అందరూ నీ కోసమే కూర్చున్నారు ఇక్కడ."

మాస్టారు ఊదారు. స్వరం లేచింది, బాగానే లేచింది, పైకి వెళ్ళేకొద్దీ దాని పక్కనుంచి సన్నగా బుస్సుమని గాలి, చెవి పెడితే తప్ప తెలియనంత. ఆయన క్లారినెట్టు దించి గోడ గడియారం చూసుకున్నారు. "బావుందమ్మా. ఈమాత్రం ఎవరికీ తెలీదు. టైమైపోతోంది."

"పరీక్షలన్నీ పచ్చగా ఉన్నాయి" అంటోంది ఫోను, "ఫిర్యాదులు లేవు, ఇంకేం కావాలి? చాలదా?"

"చాలదు" అంది పిన్ని మాస్టారితో, చేయి చాపి. "తీయండి."

"ఎవరది?" అన్నాడు మేనేజరు.

"మా పిన్ని."

"ఏమంటున్నారావిడ?"

"చాలదంటోంది సార్. నేనూ అదే అంటున్నాను. ఇది అందరికీ వెళ్ళదు. 'తర్వాత' మీట ఉన్నచోటే ఉంటుంది."

"ఉన్నట్టుండి ఇదేంటి? తేదీ ప్రకటించేశాం. ఎవరికో ఒకరికి ఎక్కడో ఏదో ఆగిందని..."

"ఆ ఒకరు ఇక్కడే కూర్చున్నారు సార్, కచేరీకి వెళ్ళాలి. అలాంటివాళ్ళు ఎంతమందున్నారో మనకి తెలీదు, వాళ్ళు మనకి చెప్పరు. తెలిసేదాకా గేటు మూసే ఉంటుంది. కావాలంటే నా పేరు రాసి పంపండి." రేపు వెళ్ళాక జరగబోయే మీటింగూ, ఆ మొహాలూ, మొండిఘటాన్ని వెతికి పట్టుకోవడం, ఆ హాల్లో మళ్ళీ కుర్చీలు వేయించడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి, చేయగలననే అనిపించింది.

ఆకురాయి గరగర మేనేజరుకి వినబడింది. "అక్కడ ఆ శబ్దమేంటి?"

పిన్ని ఎడమవైపు అంచున నాలుగుసార్లు రాసి, వేలితో తడిమి చూసి, ఇంకోసారి రాసి ఇచ్చింది. మాస్టారు పెట్టుకున్నారు, ఈసారి కూర్చోలేదు, పెట్టె కుర్చీలో పెట్టి లేచి, దవడల అరల ముందుకి వచ్చి నిలబడ్డారు, సాయంత్రం నిలబడబోయేట్టే. పిన్ని కళ్ళు మూసుకుని తల పక్కకి వంచింది. బుజ్జి ఫోను ఆయన వైపు పట్టుకుంది, విననీ, వింటే నష్టమేం లేదు. కింద నుంచి మెల్లగా మొదలై, నిన్న సెట్టు విరిగిన ఆ ఎత్తు దగ్గరికి వెళ్ళి, అక్కడ నిలబడి, స్వరం నిండుగా గదంతా పరుచుకుంది. పిన్ని కళ్ళు తెరవలేదు, ఇంకా వింటూనే ఉంది. ఈసారి గాలి ఎక్కడా పోలేదు.